టర్ను ఆటల్లో యూనిట్ల చాకిరీ: ఆటో బటన్‌కు ముందు ఆలోచించవలసినవి

కాకతీయుల కాలం నేపథ్యంగా మీరు ఒంటరిగా తయారు చేస్తున్న టర్ను ఆధారిత (ఒకరి తర్వాత ఒకరు వంతుగా ఆడే) వ్యూహాత్మక ఆటలో మొదటి 40 టర్నులు ఆడినవాళ్ళందరికీ నచ్చుతున్నాయనీ, 150వ టర్ను దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరి చేతిలో 60, 70 యూనిట్లు (ఒక్కొక్కదానికీ ఆజ్ఞ ఇచ్చి నడపవలసిన పావులు) పోగుపడి ఒక్క టర్ను ముగించడానికే పావుగంట పడుతోందనీ, చాలామంది అక్కడే ఆట ఆపేస్తున్నారనీ రాశారు. చెరువులు తవ్వే పనివాళ్ళకూ, ధాన్యం మోసే ఎడ్లబండ్లకూ, కాపలా దళాలకూ తలా ఒక ఆటో బటన్, అంటే నొక్కితే ఆ పనిని కంప్యూటరే చేసుకుపోయే మీట, పెడదామనుకుంటున్నానని చెప్పి, అది సరైన దారేనా అని అడిగారు.

కాదు, కనీసం మొదటి అడుగుగా కాదు. ఒక పనికి ఆటో బటన్ పెట్టడమంటే, ఆ పనిలో ఆటగాడికి ఆలోచించడానికి ఏమీ లేదని ఆట తనంతట తానే ఒప్పుకున్నట్టు. ఆలోచించడానికి ఏమీ లేని పని అసలు ఆటలో ఎందుకుందో ముందు అడగాలి. చాలాసార్లు జవాబు "మనం చిన్నప్పటి నుంచి ఆడిన ఆటల్లో ఉంది కాబట్టి" అనే వస్తుంది. పద్నాలుగేళ్ళుగా ఈ రకం ఆటలకు నియమాలు రాస్తున్నాను. అందులో మొదటి సగం ఆటో బటన్లు పెట్టడానికీ, రెండో సగం వాటిని తీసేయడానికీ ఖర్చయింది. అందుకే ఈ విషయం మీతో కాస్త వివరంగా మాట్లాడాలనిపించింది.

ముందుగా విసుగు ఎక్కడ పుడుతోందో తేల్చుకోవాలి. యూనిట్లు ఎక్కువైతే విసుగు వస్తుందని తేలిగ్గా అనేస్తాం కానీ, అది సగమే నిజం. చదరంగంలో చెరొక 16 పావులుంటాయి, వాటి సంఖ్య వల్ల ఎవరికీ విసుగు రాదు. 1999లో వచ్చిన హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3లో ఒక హీరో వెంట 500 అస్థిపంజరాలు నడిచినా అవన్నీ ఒకే పావుగా, పక్కన ఒక అంకెతో నిలబడతాయి. హీరో సైన్యంలో ఉండే అరలు 7 మాత్రమే. కాబట్టి మ్యాప్ మీద ఎన్ని ప్రాణులున్నాయన్నది లెక్కలోకి రాదు. ఒక టర్నులో ఆటగాడి చేత ఎన్నిసార్లు ఆలోచన లేని క్లిక్కు చేయిస్తున్నామన్నదే లెక్కలోకి వస్తుంది.

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక చిన్న స్టూడియోలో, మా ఆటను పరీక్షించడానికి వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థిని వెనుక కుర్చీ వేసుకుని, నోటు పుస్తకంలో నిలువుగా ఒక గీత గీసి, ఎడమవైపు "ఆలోచించి" అనీ కుడివైపు "ఊరికే" అనీ రాసుకుని కూర్చున్నాను. ఆమె మౌస్ కదిపి, క్లిక్కుకు ముందు ఒక్క క్షణం ఆగితే ఎడమవైపు గీత, ఆగకుండా నొక్కేస్తే కుడివైపు గీత. మొదటి ఇరవై టర్నుల్లో ఎడమవైపే నిండింది. ఒకే ఒక్క వేగుదళాన్ని నదికి ఇటు పంపాలా, కొండ చుట్టూ తిప్పాలా అని ఆమె అరనిమిషం ఆలోచించింది, పక్కనున్న స్నేహితురాలిని సలహా కూడా అడిగింది. నూట ఇరవయ్యో టర్ను దాటాక కుడివైపు పేజీ చాలక వెనక్కి తిప్పాను. ఒకచోట ఆమె తెర వైపు చూడకుండానే "ఈ టర్నుకు వదిలేయి" మీటను వరుసగా నొక్కుకుంటూ పోయింది. అలా దాటిపోయినవాటిలో శత్రువుకు ఎదురుగా నిలబడిన దళం కూడా ఉంది. మరుసటి టర్నులో ఆ ఊరు పోయింది. ఆమెకు శత్రువు మీద కోపం రాలేదు, ఆట మీద వచ్చింది. ఆ కోపం న్యాయమైనదే. ముఖ్యమైన ప్రశ్నను ముప్పై పనికిరాని ప్రశ్నల మధ్య దాచి అడిగింది మేమే.

ఆ నోటు పుస్తకం నాకు నేర్పింది ఒక్కటే. మొదటి టర్నుల్లో ఒక యూనిట్ అంటే ఆటగాడి బలగంలో సగం, కాబట్టి దాని ప్రతి అడుగూ బరువైన నిర్ణయం. నూట యాభయ్యో టర్నులో అదే యూనిట్ డెబ్బైలో ఒకటి. అడుగు అదే, క్లిక్కు అదే, బరువు మాత్రం డెబ్బయ్యో వంతుకు పడిపోయింది. రాజ్యం పెరిగినకొద్దీ ఆటగాడు ఇచ్చే ఆజ్ఞ పరిమాణం కూడా పెరగాలి. అది జరగని ఆట ఏదైనా చివరికి చాకిరీగా మారుతుంది. మీకు చెప్పబోయే మార్పులన్నీ ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతాయి.

మొదట మీ చెరువు పనివాళ్ళ సంగతి చూద్దాం. ఈ సమస్యతో అందరికంటే ఎక్కువకాలం కుస్తీ పట్టింది, చిన్న ఊరితో మొదలుపెట్టి రాజ్యాన్ని పెంచుకునే సివిలైజేషన్ ఆటల వరుస. 1991 నాటి మొదటి ఆటలో సెట్లర్ అనే ఒకే యూనిట్ ఊరు వెలయించేది, రోడ్డు వేసేది, కాలువ తవ్వేది. 2001లో మూడో ఆట వచ్చేనాటికి పనికి వేరుగా వర్కర్ అనే యూనిట్ ఉంది. ఆట చివరి దశలో ఊళ్ళ చుట్టూ ఉన్న గడుల మీద కాలుష్యం పడుతూ ఉండేది, దాన్ని శుభ్రం చేయడానికి వర్కర్లను గుంపులుగా అటూ ఇటూ తిప్పడమే ఆటగాడి ఉద్యోగమైపోయేది. ఆటోమేట్ మీట ఉండేది, నాలాంటివాళ్ళు విసిగిపోయి దాన్ని నొక్కేవాళ్ళం, ఆ తర్వాత మనం వద్దనుకున్న చోట గనులు వెలిసేవి. 2005లో సోరెన్ జాన్సన్ ముఖ్య రూపకర్తగా వచ్చిన నాలుగో ఆట ఆ ఆటోమేట్‌ను ఇంకా తెలివైనదిగా చేయడంతో సరిపెట్టుకోలేదు. గడుల మీద పడే ఆ కాలుష్యాన్నే తీసేసి, దాని స్థానంలో ఊరి ఆరోగ్యం అనే ఒక అంకెను పెట్టింది. కర్మాగారాలు కట్టుకుంటూ పోతే జనం దెబ్బతింటారన్న అసలు నిర్ణయం అలాగే నిలిచింది, శుభ్రం చేసే చాకిరీ పోయింది.

ఇంకా ముందే, 1999లో యాక్టివిజన్ సంస్థ విడుదల చేసిన కాల్ టు పవర్ మరింత తెగువ చూపింది. అందులో పనివాడే లేడు. రాజ్యం ఉత్పత్తిలో కొంత శాతాన్ని ప్రజా పనుల నిధికి మళ్ళించి, ఆ నిధిలోంచి ఖర్చు పెడుతూ పొలాన్నీ గనినీ రోడ్డునూ నేరుగా మ్యాప్ మీద పెట్టుకోవడమే. ఆ ఆటకు వేరే లోపాలు ఎన్నో ఉన్నా ఈ ఒక్క నియమం మాత్రం కాలానికి చాలా ముందున్నది. ఈలోగా సివిలైజేషన్ మెల్లగా అటే నడిచింది. 2016 నాటి ఆరో ఆటలో బిల్డర్‌కు మామూలుగా మూడు పనులకు సరిపడా శక్తి ఉంటుంది, పని ఆ క్షణంలోనే పూర్తవుతుంది, మూడూ అయ్యాక బిల్డర్ మాయమైపోతాడు. రోడ్లు వర్తకుల బళ్ళు తిరిగిన దారిలో వాటంతటవే పడతాయి. 2025లో వచ్చిన ఏడో ఆటలో ఆ బిల్డర్ కూడా లేడు. ఊరి జనాభా పెరిగినప్పుడు ఏ గడిని సాగులోకి తెచ్చుకుంటావని ఆట అడుగుతుంది, నేల స్వభావాన్ని బట్టి అక్కడ పొలమో గనో ఏర్పడుతుంది. పనివాణ్ణి పూర్తిగా తీసేయడం నచ్చని ఆటగాళ్ళూ ఉన్నారు, వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. చిన్న మనిషి బొమ్మ పొలం దున్నుతూ కనిపించడంలో ఒక ముచ్చట ఉంది. ఆ ముచ్చట కోసం బొమ్మను ఉంచండి, ఆజ్ఞను తీసేయండి.

మీ విషయంలో ఈ మార్పుకు చరిత్రే దారి చూపిస్తోంది. కాకతీయ చక్రవర్తి పలుగూ పారా పట్టిన కూలీలను ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుంటూ కూర్చోలేదు. పాలంపేటలో 1213లో రామప్ప గుడిని కట్టించింది గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. చెరువులైనా గుళ్ళైనా ఎక్కువగా ఇలాంటి సేనానులూ సామంతులూ తమ తమ సీమల్లో కట్టించినవే. కాబట్టి మీ ఆటలో చెరువు అనేది ఒక పథకం కావాలి. ఆటగాడు రెండు గుట్టల నడుమ ఒక లోయను ఎంచుకుంటాడు, ఆ సీమ నాయకుడికి పని అప్పగిస్తాడు, ఖజానా నుంచి ధాన్యం కేటాయిస్తాడు, ఇన్ని టర్నులకు గట్టు లేస్తుందని తెలుసుకుంటాడు. మూడు క్లిక్కులు, మూడూ ఆలోచించి చేసేవే. అయితే పనివాళ్ళలో ఒక మంచి గుణం ఉందని మరచిపోకండి. వాళ్ళు మ్యాప్ మీద ఉంటారు కాబట్టి శత్రువు వచ్చి పట్టుకోగలడు, అంటే వాళ్ళను కాపాడుకోవడం కూడా ఒక నిర్ణయమే. దాన్ని పోగొట్టుకోవద్దు. పని జరుగుతున్న లోయ మ్యాప్ మీద అందరికీ కనబడాలి, శత్రుదళం అక్కడికి చేరితే పని ఆగిపోవాలి, పూర్తయిన గట్టును తెంచే వీలు కూడా ఉండాలి.

ఎడ్లబండ్ల విషయంలో నా సలహా ఇంకా సూటిగా ఉంటుంది: తీసేయండి. నేను పైన చెప్పిన స్టూడియోలో మా ఆటలోనూ సరఫరా బండ్లుండేవి. వాటికి ఆటో పెట్టాము. పరీక్షించినవాళ్ళు మొదట్లోనే దాన్ని నొక్కి, మళ్ళీ ఎప్పుడూ తీయలేదు. ఆటో బండి అప్పుడప్పుడూ శత్రువు నోట్లోకి నడిచి వెళ్ళేది, దాన్ని సరిచేయడానికి మా ప్రోగ్రామర్ రెండు నెలలు కష్టపడ్డాడు. చివరికి బండ్లన్నీ తీసేసి, ప్రతి ఊరి నుంచి రోడ్డు వెంబడి ఇన్ని గడుల దూరం వరకు ధాన్యం అందుతుంది, దాటితే సైన్యం రోజురోజుకూ నీరసిస్తుంది, మధ్యలో శత్రువు రోడ్డును అడ్డగిస్తే అందడం ఆగిపోతుంది అన్న ఒక్క నియమం పెట్టాము. బండ్లు లేవేమని ఆ తర్వాత ఒక్కరూ అడగలేదు. రోడ్డు కోసం మాత్రం అంతకుముందు ఎన్నడూ లేనంతగా పోరాడారు. ఏదైనా యూనిట్‌ను తీసేయవచ్చా లేదా అని సందేహం వస్తే, దాన్ని తీసేసిన నమూనాను ఎవరికీ చెప్పకుండా ఆడించి చూడండి.

ఇదే పద్ధతికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఓడలది. సివిలైజేషన్ మొదటి నాలుగు ఆటల్లో సైన్యం సముద్రం దాటాలంటే రవాణా ఓడ కట్టాలి, రేవుకు తేవాలి, దళాలను ఒక్కొక్కటిగా ఎక్కించాలి, అవతల దింపాలి. 2010 నాటి ఐదో ఆటలో తగిన విద్య నేర్చుకున్నాక దళమే నీటిలో అడుగుపెట్టి పడవగా మారిపోతుంది, నీటిమీద ఉన్నంతసేపూ బలహీనంగా ఉంటుంది. సముద్రం దాటడంలో ఉన్న అపాయం నిలిచింది, ఎక్కించి దించే తతంగం పోయింది. మీ మ్యాప్‌లో గోదావరి, కృష్ణ దాటడానికి పడవ యూనిట్లు పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి.

ఇక సైన్యం. ఇక్కడ అదే ఐదో ఆట ఒక కొత్త చిక్కు తెచ్చింది, దాన్ని దగ్గర నుంచి చూడడం మీకు ఉపయోగం. నాలుగో ఆట వరకు ఒకే గడిలో ఎన్ని దళాలనైనా పేర్చుకోవచ్చు, దానితో యుద్ధమంటే పెద్ద కుప్పకూ పెద్ద కుప్పకూ మధ్య ఢీ అయిపోయింది. 1994 నాటి పాంజర్ జనరల్‌ను ఆదర్శంగా తీసుకుని ఐదో ఆటలో షట్కోణ గడులు పెట్టి, గడికి ఒకే పోరాట దళం అన్నారు. యుద్ధరంగంలో అది అద్భుతంగా పనిచేసింది. విలుకాండ్రను కొండ వెనుక నిలపడం, గుర్రపుదళాన్ని పక్కనుంచి తిప్పడం నిజమైన వ్యూహాలయ్యాయి. కానీ ఆ యుద్ధరంగానికి చేరే దారిలో ఏం జరిగిందో చూడండి. ఎనిమిది దళాలను రాజధాని నుంచి పన్నెండు గడుల దూరంలోని సరిహద్దుకు పంపాలి, మధ్యలో ఒకే గడి వెడల్పున్న కనుమ. మొదటి దళం కనుమలో ఆగింది. రెండోదానికి దారి లేక దాని పయనం రద్దయింది, లేదా కొండ చుట్టూ ఎనిమిది టర్నుల దారి పట్టింది. మీరు దాన్ని వెనక్కి పిలిచారు. ఈలోగా మూడోది దాని చోట నిలబడింది. ఒక్క శత్రువు కూడా కనిపించని ఈ నడకకు ఆరు టర్నులు, ప్రతి టర్నులోనూ ఎనిమిది ఆజ్ఞలు, అంటే 48 ఆజ్ఞలు. వాటిలో నిర్ణయం ఒక్కటే ఉంది, "సరిహద్దుకు పదండి" అన్నది.

దీనికి ఏడో ఆట చెప్పిన పరిష్కారమే ఇప్పటివరకు నేను చూసినవాటిలో మేలైనది. అందులో సేనాపతి అనదగిన కమాండర్ యూనిట్ ఉంటుంది, మొదట్లో నాలుగు దళాలను తనలో సర్దుకుని ఒకే పావుగా నడుస్తుంది, పోరు దగ్గరపడ్డాక వాటిని చుట్టూ గడుల్లోకి పరుస్తుంది. యుద్ధానుభవం కూడా విడి దళాలకు కాక కమాండర్‌కే చేరుతుంది కాబట్టి ఆటగాడు గుర్తుపెట్టుకోవలసిన పేర్లు తగ్గుతాయి. వెనుక ఊళ్ళో కొత్తగా తయారైన దళాన్ని గడి గడి నడిపించనక్కరలేకుండా, ఇన్ని టర్నుల్లో ఫలానా కమాండర్ దగ్గరికి చేరు అని పంపవచ్చు. అంతకుముందే ఎండ్‌లెస్ లెజెండ్, 2021లో హ్యూమన్‌కైండ్ కూడా నడిచేటప్పుడు ఒకటిగా, పోరాడేటప్పుడు విడివిడిగా అన్న దారినే వెళ్ళాయి.

కాకతీయుల ఆట చేస్తున్న మీకు ఈ కమాండర్ వెతుక్కోవలసిన అవసరం లేదు, నాయంకర పద్ధతి సిద్ధంగా ఉంది. రాజు గ్రామాలిస్తాడు, వాటి ఆదాయంతో నాయకుడు ఇంత సేనను పోషించి, పిలిచినప్పుడు తీసుకువస్తాడు. దీన్ని యథాతథంగా నియమంగా మార్చండి. ఆటగాడి చేతిలో డెబ్బై దళాలకు బదులు తొమ్మిది పదిమంది నాయకులుంటారు. ఒక్కొక్కరికి ఒక సీమ, ఒక సేన, ఒక స్వభావం. శాంతికాలంలో ఆ సేన మ్యాప్ మీద పావుగానే కనబడదు, సీమలో కలిసి ఉంటుంది, సరిహద్దు కాపలా దాని పనే. పిలుపు ఇచ్చినప్పుడు నాయకుడు ఒకే పావుగా బయలుదేరుతాడు. ఎదుటివాణ్ణి తాకినప్పుడు మాత్రం ఏనుగులూ గుర్రాలూ కాలిబంట్లూ విడివడి, మీరు ఇష్టంగా చేసిన ఆ చక్కటి పోరు మొదలవుతుంది. దీనితో మీ ప్రశ్నలోని కాపలా దళాల సమస్య కూడా పోతుంది. అంతకంటే మంచి విషయం, గ్రామాలు ఎవరికి ఇవ్వాలి, ఎక్కువ ఇచ్చిన నాయకుడు రేపు తిరగబడితే ఎలా అన్న కొత్త ప్రశ్నలు పుడతాయి. చాకిరీ తీసేసిన చోట నిజమైన రాజకీయం వచ్చి కూర్చుంటుంది.

ఆజ్ఞల సంఖ్యకే హద్దు పెట్టే ఇంకో దారి ఉంది. మన పులి మేక ఆట గుర్తు చేసుకోండి. అరుగుల మీద గీసిన ఆ త్రికోణపు పటంలో ఒకవైపు మూడు పులులు, మరోవైపు పదిహేను మేకలు ఉంటాయి, అయినా ఎవరి వంతులో వాళ్ళు ఒక్క పావునే కదపాలి. మేకలవాడికి పావులు అయిదింతలున్నా పని అయిదింతలు కాదు. ఏ మేకను కదపాలన్న ఎంపికే అతని ఆట. కంప్యూటర్ ఆటలు అన్ని పావులనూ ప్రతి టర్నులో కదపనిచ్చి ఆ సుగుణాన్ని పోగొట్టుకున్నాయి. పైన చెప్పిన సోరెన్ జాన్సన్ తన సంస్థ మొహాక్ గేమ్స్ ద్వారా 2021లో తెచ్చిన ఓల్డ్ వరల్డ్ దాన్ని తిరిగి పట్టుకుంది. అందులో ప్రతి టర్నుకూ ఇన్ని ఆజ్ఞలని ఒక నిధి ఉంటుంది, దళాన్ని కదిపినా పనివాణ్ణి పురమాయించినా అందులోంచే ఖర్చవుతుంది. ఒకే దళాన్ని అలసట హద్దు వరకు పలుమార్లు కదపవచ్చు, మిగతావాటిని అసలు ముట్టుకోకపోవచ్చు. రాజుకు పాలకుడిగా ఉన్న ఆమోదయోగ్యత పెరిగితే ఆజ్ఞలూ పెరుగుతాయి. దళాన్ని ముట్టుకోకుండా వదిలేయడం ఇక్కడ నిర్లక్ష్యం అనిపించుకోదు, పొదుపు అనిపించుకుంటుంది. ఆ ఒక్క మార్పు ఆటగాడి మనసులోని అపరాధ భావాన్ని తీసేస్తుంది. పద్ధతి నాకు ఎంతో ఇష్టమే అయినా, మీరు నాయకుల పద్ధతికి మారితే దీన్ని కూడా కలపమని చెప్పను. పదిమంది నాయకులకు ఆజ్ఞల కొరత అక్కరలేదు. రెండు కట్టడులు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. నాయకుల పద్ధతి మీ ఆటకు కుదరకపోతే అప్పుడు దీన్ని ప్రయత్నించండి.

యూనిట్ల సంఖ్యను నేరుగా తగ్గించడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఫోన్‌లో ఆడే పాలిటోపియాలో ఒక్కో ఊరు తన స్థాయిని బట్టి ఇన్ని దళాలనే భరించగలదు. బ్యాటిల్ ఫర్ వెస్నోత్‌లో దళం స్థాయి పెరిగినకొద్దీ దాని పోషణ ఖర్చు పెరుగుతుంది, గ్రామాలు ఆ భారాన్ని కొంత మోస్తాయి. 1994 నాటి ఎక్స్‌కామ్ ఆటలో విమానంలో 14 మంది సైనికులను దించి, ఒక్కొక్కరికి టర్నుకు ఇచ్చిన కాలపు పాయింట్లను లెక్కపెట్టుకుంటూ నడిపేవాళ్ళం. 2012లో ఫిరాక్సిస్ సంస్థ దాన్ని మళ్ళీ చేసినప్పుడు సైనికులు నలుగురితో మొదలై ఆరుగురికి మించరు, ఒక్కొక్కరికి టర్నుకు రెండు పనులే. ఇంటూ ది బ్రీచ్ ఎనిమిదికి ఎనిమిది గడుల చదరం మీద మూడే యంత్రాలతో మనిషిని గంటల తరబడి ఆలోచింపజేస్తుంది. పోషణ ఖర్చు పెట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి: ఆ ఖర్చు దళానికి ఇంత అని ఒకే తీరున పెరగడం కాక, హద్దు దాటాక ఎక్కువ ఎక్కువగా పెరగాలి. లేకపోతే ధనిక ఆటగాడు దాన్ని లెక్కచేయడు, విసుగు పడేది ఎప్పుడూ ఆ ధనిక ఆటగాడే.

నియమాలు సరిచేశాక మిగిలినదానికి తెర మీది సదుపాయాలు కావాలి. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి కానీ పావుగంటను అయిదు నిమిషాలకు తెచ్చేది చాలాసార్లు ఇవే. దూరప్రయాణం ఆజ్ఞ మధ్యలో సొంత దళమే అడ్డొచ్చినంత మాత్రాన రద్దు కాకూడదు. ఒక టర్ను ఆగి మళ్ళీ కొనసాగాలి. శత్రువు కనబడితే మాత్రం ఆగి, ఎందుకు ఆగిందో ఒక్క వాక్యంలో చెప్పాలి. నిద్రపుచ్చిన దళం ఏ పరిస్థితిలో లేవాలో ఆటగాడు నిర్ణయించుకోగలగాలి: ఇన్ని గడుల దూరంలో శత్రువు కనబడితే, గాయాలు మానితే, ఫలానా టర్ను వస్తే. ఆజ్ఞ కోసం ఎదురుచూస్తున్న దళాలను ఆట చూపించే వరుస, అవి పుట్టిన క్రమంలో కాకుండా మ్యాప్ మీద దగ్గర దగ్గరగా ఉన్నవాటి క్రమంలో ఉండాలి, అపాయంలో ఉన్నవి ముందు రావాలి. తెర ఒక్కసారి ఓరుగల్లు నుంచి సముద్రతీరంలోని మోటుపల్లికి, అక్కడి నుంచి మళ్ళీ ఓరుగల్లుకు ఎగిరితే, ప్రతిసారీ నేనెక్కడున్నానో అని ఆటగాడి మెదడు వెతుక్కోవాలి. ఆ అలసట క్లిక్కుల లెక్కలో పడదు, కానీ నా అనుభవంలో అన్నిటికంటే ముందు మనిషిని లేపి పంపేసేది అదే. ఇంకా యానిమేషన్లను దాటవేసే వీలు, ఆజ్ఞను వెనక్కి తీసుకునే వీలు తప్పనిసరి. వెనక్కి తీసుకోగలిగితే మనిషి తొందరగా నిర్ణయిస్తాడు. కొత్త ప్రాంతం కంటబడిన కదలికకు మాత్రం ఆ వీలు ఇవ్వకండి.

ఇవన్నీ అయ్యాక కూడా ఏదైనా పని ఆటోలో ఉండక తప్పదనిపిస్తే పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. దానికి ఒక హద్దు ఉంది. 2003లో వచ్చిన మాస్టర్ ఆఫ్ ఓరియన్ 3 గ్రహాల పాలనంతా వైస్రాయ్‌లనే కంప్యూటర్ ప్రతినిధులకు అప్పగించింది. ఆటగాడు తెరిచి చూస్తే తానిచ్చిన ఆజ్ఞను ప్రతినిధి మార్చేసి ఉండేవాడు, ఎందుకు మార్చాడో తెలిసేది కాదు. ఆట దానంతటదే ఆడుకుంటోందన్న అసంతృప్తి దాని మీద బలంగా వచ్చింది. దీనికి భిన్నంగా, 1996 నుంచి అందరి చేతుల మీదుగా పెరిగిన ఉచిత ఆట ఫ్రీసివ్‌లో ఊరి గవర్నర్‌కు ఆహారం ఇంత మిగలాలి, ఉత్పత్తికి ఇంత ప్రాధాన్యం అని అంకెలతో చెబుతాం. అతను ఆ హద్దుల్లోనే సర్దుబాటు చేస్తాడు, కుదరకపోతే కుదరలేదని చెబుతాడు. ఆజ్ఞ ఒక వాక్యంలో చెప్పగలిగి, ఫలితం ముందే ఊహించగలిగి, తప్పినప్పుడు కబురు వచ్చేటట్టయితే ఆ ఆటోను ఆటగాడు నమ్ముతాడు. ఈ మూడింట్లో ఒకటి లోపించినా అతను ప్రతి టర్నులో దాన్ని తెరిచి తనిఖీ చేస్తాడు. అప్పుడు ఒక చాకిరీ పోయి రెండు చాకిరీలవుతాయి.

మీరు అడగని విషయం ఒకటి కూడా చెప్పాలి. 150వ టర్నులో మీ ఆట ఎవరు గెలుస్తారో తేలిపోయిందా? తేలిపోయి ఉంటే, మిగిలిన టర్నులన్నీ ఊళ్ళను ఒక్కొక్కటిగా తుడిచిపెట్టే పనే. అక్కడ ఎంత మంచి సదుపాయం పెట్టినా విసుగు తగ్గదు, ఎందుకంటే నిర్ణయించడానికి ఏమీ మిగలలేదు. శత్రువు రాజధాని పడిపోతే అతని నాయకులు ఒక్కొక్కరూ లొంగిపోవడమో, పక్షం మారడమో, స్వతంత్రం ప్రకటించడమో జరిగేటట్టు చేయండి. ముగింపు టర్ను సంఖ్యను కూడా ఒకసారి తగ్గించి చూడండి.

పని వరుస విషయానికొస్తే, నేనైతే ఇలా చేస్తాను. పరీక్షించినవాళ్ళలో ఎవరిదో ఒక 150వ టర్ను సేవ్ ఫైలు తీసుకోండి, అదే ఫైలును ప్రతి మార్పు తర్వాతా వాడండి. మొదటి రోజు ఏ మార్పూ చేయకుండా, ఆ టర్నును ఒకరి చేత ఆడించి, వెనుక కూర్చుని నేను చెప్పిన రెండు నిలువు వరుసల్లో గీతలు పెట్టండి. మీరు మాట్లాడకండి, సలహా ఇవ్వకండి. కుడివైపు గీతలు ఏ యూనిట్ పేరు మీద ఎక్కువ పడ్డాయో దానితోనే మొదలుపెట్టండి. మీరు రాసినదాన్ని బట్టి అవి ఎడ్లబండ్లే అవుతాయని నా అంచనా. తర్వాత తెర ఎగరడం ఆపే వరుస క్రమం, అది ఒక రోజు పని. చెరువు పథకం ఆ తర్వాత. నాయంకర పద్ధతి పెద్ద మార్పు, మీ శత్రు ఏఐని (శత్రు పక్షాన్ని ఆడే కంప్యూటర్ ప్రోగ్రామును) కూడా తిరగరాయవలసి వస్తుంది, అయితే డెబ్బై పావులను నడిపే ఏఐ కంటే పది పావులను నడిపే ఏఐ రాయడం మీకూ సులువే. ఆటో బటన్ల కోసం రాసిన కోడు ఇప్పటికే కొంత ఉంటే పారేయకండి, శత్రు పక్షాన్ని నడపడానికి అది పనికొస్తుంది.